పాఠం ఫోన్‌లో సరే, చేతికి పని ఎక్కడ?

నేను బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చినవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా తమ్ముడి కూతురు ఎం.డి.ఎస్. రెండో సంవత్సరం, చిన్నపిల్లల పళ్ల విభాగం. హాస్టల్ ఖాళీ చేసి పావగడకు వచ్చేసింది. మా మిద్దె మీద ఒక్క మూలలోనే సిగ్నల్. పాప అక్కడ గొడుగు వేసుకొని పాఠాలు వినేది. పాఠాలు బాగానే జరిగాయి. సెమినార్లు, కేసు చర్చలు ఆగలేదు. వేరే ఊళ్ల ప్రొఫెసర్లూ చెప్పేవాళ్లు. అర్థం కాకపోతే రికార్డింగ్ మళ్లీ పెట్టుకొని వినేది.

ఒకరోజు ఎట్లుంది చదువు అని అడిగితే, "తలకెక్కుతోంది పెదనాన్నా, చేతికి రావడం లేదు" అంది.

ఆ బాధ నాకు తెలుసు. రైల్వేలో చేరేటప్పుడు రూల్సన్నీ ఒప్పజెప్పినవాణ్ణి. బుకింగ్ కౌంటర్లో మొదటి రోజు, బండి వచ్చే టైముకు క్యూ చూసి చేతులు వణికాయి. సీనియర్ పక్కన నిలబడి చూపిస్తేనే పని వచ్చింది.

పంటి పని ఇంకా కష్టం. డ్రిల్ తిరిగితే నీటి తుంపర్లు లేస్తాయి, వాటిలో రోగి ఎంగిలి ఉంటుంది. కరోనాలో అదే భయం. అందుకే చాలాచోట్ల అత్యవసర కేసులే చూశారు. మూడేళ్ల కోర్సులో అట్లా పోయిన నెలలు వీడియోలతో తిరిగి రావు. బొమ్మ దవడ మీద సాధన చేయొచ్చు. కానీ బొమ్మ ఏడవదు, వేలు కొరకదు. మా పాప పాసయ్యాక కూడా, చేతికి ధైర్యం రావాలని ఏడాది పాటు ఒక సీనియర్ క్లినిక్‌లో పనిచేసింది.

ఆన్‌లైన్ తప్పని నేననను. థియరీ ఫోన్‌లోనే ఉండనీ. దానివల్ల మిగిలే రోజుల్లో ఆ పిల్లలను మన ఊళ్లకు పంపమంటాను.

మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పాలా? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. చిగురు లోపల పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ల లోపల, ఎక్కువ ఫ్లోరైడ్ తాగితే పళ్లు మచ్చలతోనే వస్తాయి. ఎంత తోమినా పోవు. మన ఆడపిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది ఒట్టి సిగ్గుతోనే కాదు.

ఎం.డి.ఎస్.లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అని ఒక విభాగమే ఉంది. ఆ విభాగంతో పాటు మిగతావాళ్లూ రావాలి. ఒక్క షరతు: పక్కన సీనియర్ డాక్టర్ ఉండాలి. మన పిల్లల నోళ్లు ప్రయోగశాల కాదు. తర్వాత మచ్చ, నొప్పి ఎట్లుందో ఫోన్‌లో చూసుకోవచ్చు. రెండు పద్ధతులు కలపడమంటే ఇదే కదా?

నెలకొక రోజు గది, నీళ్లు, భోజనం మన సంఘం చూసుకుంటుందని తుమకూరు, బెంగళూరు డెంటల్ కాలేజీలకు ఉత్తరం రాద్దాం. రాసే పని నాది. ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. సంతకాలు మీవి. ఏమంటారు?