ఎండిన పువ్వు ఎక్కడికీ పోదు

మా నరసరావుపేటలో మార్చి దాటితే కుండీల్లో పూల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున విచ్చింది సాయంత్రానికి కాగితమే. నేనా కాగితాల్నే దాచుకుని రంగుల్లో బొమ్మలేస్తుంటా.

"తాజా పువ్వుండగా ఎండినదాన్ని గీయడమేందండీ?" అంటారు. తాజా మందారం మీకోసం ఆగదు, ఒక్కరోజులో ముడుచుకుంటుంది. ఎండింది వారమైనా బల్లమీద కదలకుండా కూర్చుంటుంది. పైగా కండ తగ్గాక తొడిమ మెలిక, రేకుల ఈనెలు బయటపడతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బొగడబంతితో మొదలుపెట్టండి. మనం పువ్వనుకునే ఆ ఊదారంగు గుండు నిండా ఉండేవి రేకులు కావు, పొలుసుల్లాంటి పొడి ఆకులు. అసలు పూలు వాటి మధ్య చిన్న చుక్కల్లా ఉంటాయి. పొలుసుల్లో తడి తక్కువ కాబట్టి ఎండినా రంగు నిలుస్తుంది. కాడతో కోసి, నీడలో తలకిందులుగా వేలాడదీయండి. మన పల్నాడు ఎండలో పెడితే మాత్రం వెలిసిపోతుంది. గులాబీలాంటివి నల్లబడతాయి కదా, అని నల్లరంగు ట్యూబు తీయొద్దు. ఎరుపులో కాస్త ఆకుపచ్చ కలపండి. ఆ ముదురు రంగులో ప్రాణం ఉంటుంది.

ఎండిన మొక్కకి రంగు నిలవదన్న చిక్కు పాతదే. 1780లలో సామర్లకోటలో ఉన్న డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ మొక్కల్ని ఎండబెట్టి భద్రపరిచేవాడు. ఆకారం దక్కినా రంగు దక్కదు. అందుకే మన దేశపు చిత్రకారుల చేత పచ్చి మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మూడు సంపుటాలుగా 1795-1820 మధ్య లండన్‌లో అచ్చయింది. మన మోదుగ కూడా అందులో ఉంది. చాలా మొక్కలకి తెలుగు పేర్లూ రాశాడు, అందుకు దణ్ణం పెట్టొచ్చు. బొమ్మలు వేసినవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. ఆకు మీది నూగుదాకా చూసిన కళ్లు ఎవరివో! నాకైతే ఒళ్లు మండుతుంది.

మాచర్ల దాటి సాగర్ వైపు వెళ్లినప్పుడు రాలిన మోదుగపూలు ఏరుకొస్తా. నిప్పుకణికలాంటి ఎరుపు ఎండేసరికి తేనెరంగుకి దిగుతుంది. నీళ్లలో మరిగిస్తే ఇప్పటికీ పసుపు రంగు వస్తుంది, ఒకప్పుడు హోళీకి అదే చల్లుకునేవాళ్లు. ఆ తేనెరంగునే కాగితం మీదికి తెచ్చి, కింద మొక్క పేరు, దొరికిన ఊరు, తేదీ రాస్తా. ఆ పక్కనే నా పేరు, పొడి అక్షరాల్లో కాదు, పూర్తిగా.

అన్నట్టు, బొగడబంతిని మీ వైపు ఏమంటారో రాయండి. వచ్చే బొమ్మ కింద ఆ పేరూ చేరుస్తా.