వివరాలు బయటపడితే తప్పు ఆమెదా?

ఒకామె ఫోన్ నంబరో, ఫోటోనో, ఇంటి చిరునామానో ఇంటర్నెట్లోకి ఎక్కిందంటే ఇంట్లో మొదట వినబడే ప్రశ్న "నువ్వెందుకిచ్చావు?" అనేదే. ఆ వెంటనే ఫోన్ లాక్కుంటారు. అమ్మాయయితే చదువు మాన్పిస్తారు. ఆ వివరాలు అక్కడ పెట్టినవాడి జోలికి మాత్రం ఎవరూ పోరు.

అసలు మన వివరాలన్నీ మనమే ఇష్టపడి ఇస్తున్నామా? 2017 మే నెలలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఇంకొకటి. దాదాపు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు, 10 కోట్ల బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని అంచనా వేసింది. మట్టి మోసిన కూలి కోసం, పెన్షన్ కోసం అడిగిన కాగితమల్లా ఇచ్చిన స్త్రీల అజాగ్రత్త ఇందులో ఏముంది?

ఇలా ఎవరైనా మన దగ్గరకొస్తే, ఖాతా మూసెయ్యమని తొందరపెట్టవద్దు. సాక్ష్యం పోతుంది. ముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, సమయం దాచాలి. తర్వాతే పాస్‌వర్డులు మార్చడం. డబ్బు పోతే క్షణం ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు గానీ, రేషన్‌కు వెళ్లేముందు తియ్యడం కూడా ఆమెకు నేర్పాలి, లేకపోతే బియ్యం రావు! నగ్నచిత్రాలు, మార్ఫింగ్ ఫోటోలయితే ఆమె గానీ ఆమె తరఫున ఎవరైనా గానీ కంపెనీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. వాటిని తొలగించడానికి 24 గంటలు దాటకూడదని 2021లో నియమం వచ్చింది, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును 2 గంటలకు తగ్గించారు. పోలీసులు "మా పరిధి కాదు" అంటే ఒప్పుకోనక్కర్లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం ఏ స్టేషన్లోనైనా కేసు నమోదు చెయ్యాలి. అయితే స్టేషన్‌కు ఆమెను ఒంటరిగా పంపకండి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మీద పెద్ద ఆశలు పెట్టుకున్నవాళ్లు దాన్ని ఒకసారి చదవాలి. వివరాలు కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చట. అది వెళ్లేది ప్రభుత్వ ఖజానాకి. నష్టపోయిన స్త్రీకి పైసా రాదు. ఐటీ చట్టంలో పరిహారానికి ఆధారమైన 43ఎ సెక్షన్ ఎత్తివేతకు కూడా ఇందులోనే ఏర్పాటు చేశారు. పైగా ఆమె ఫిర్యాదు పసలేనిదని తేలిస్తే ఆమెకే 10 వేల దాకా జరిమానా! పరిహారం కోసం మనం పోరాడాల్సి ఉంది.

ఈలోగా మన కార్యాలయాల సంగతి. గృహహింస కేసుల్లో స్త్రీల పేర్లు, చిరునామాలు ఏ కంప్యూటర్లో ఉన్నాయి, ఎవరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నాయి, ఉద్యోగం మానేసిన కార్యకర్త ఫోన్లో ఏం మిగిలాయి? ప్రతి సంస్థా వచ్చే సమావేశంలో ఈ ప్రశ్నలను ఎజెండాలో చేర్చాలని కోరుతున్నాం.