‘యెస్ సర్’ అనేముందు ఈ పుస్తకాలు చదవండి

‘రీలొకేట్ అవ్వడానికి సిద్ధమేనా?’ క్యాంపస్ ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. క్షణం ఆలోచించకుండా ‘యెస్ సర్’ అనేస్తాం. పుణె అయినా, గురుగ్రామ్ అయినా, డాలస్ అయినా అదే జవాబు. తీరా వెళ్లాక భాష రాక, తిండి సయించక, మీటింగులో నోరు పెగలక ‘నాకు చేతకాదేమో’ అనిపించినప్పుడు గానీ ఆ ‘యెస్’ బరువు తెలీదు.

ఆ బరువును ముందే చూపించే పుస్తకాలున్నాయి. అవి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ పుస్తకాలు కావు. వలస కుటుంబాల గురించి పిల్లల కోసం రాసిన చారిత్రక నవలలు. ‘డిగ్రీ చదువుతూ పిల్లల పుస్తకాలేంటి?’ అని తీసిపారేయకండి.

2011లో వచ్చిన తాన్‌హా లాయ్ నవల ‘ఇన్‌సైడ్ అవుట్ అండ్ బ్యాక్ అగైన్’నే తీసుకోండి. 1975లో సైగాన్ పతనమయ్యే వేళ పదేళ్ల హా తల్లితో, ముగ్గురు అన్నలతో ఓడెక్కి, చివరికి అమెరికాలోని అలబామా చేరుతుంది. సొంతూళ్లో చురుకైన పిల్ల. కొత్త బడిలో ఇరవై దాకా లెక్కపెడితేనే చప్పట్లు కొడతారు. తనకు భిన్నాలు కూడా వచ్చని చెప్పడానికి ఇంగ్లిష్ చాలదు. ఆ చప్పట్లకు ఆమెకు ఒళ్లు మండిపోతుంది. తెలుగు మీడియంలో చదివి, తెలిసిన జవాబునే గ్రూప్ డిస్కషన్‌లో చెప్పలేక తలదించుకున్న వాళ్లకు ఈ కోపం కొత్తేం కాదు. భాష రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు. ఈ తేడా మరిచే మనల్ని మనం తక్కువ చేసుకుంటున్నాం. హా మాత్రం పొరుగింటి రిటైర్డ్ టీచర్ దగ్గర కూర్చుని పట్టుదలగా ఇంగ్లిష్ నేర్చుకుంటుంది.

పామ్ మునోజ్ ర్యాన్ తన అమ్మమ్మ జీవితం ఆధారంగా 2000లో రాసిన ‘ఎస్పరాంజా రైజింగ్’ది మరో దారి. 1930లో మెక్సికోలో ఓ భూస్వామి కూతురు తండ్రిని, ఇంటిని పోగొట్టుకుని కాలిఫోర్నియా వ్యవసాయ కూలీల క్యాంపుకు చేరుతుంది. ఆమెకు చీపురు పట్టడం కూడా రాదు. అందరూ నవ్వుతారు. ఒకప్పుడు తమ ఇంట్లో పనిచేసినవాళ్ల అబ్బాయే ఊడ్వడం నేర్పిస్తాడు. ‘నేను బీటెక్, ఈ పని నేనేంటి?’ అనుకునే మనం ఈ పేజీల దగ్గర కాసేపు ఆగాలి. రానిది ఎవరి దగ్గరైనా అడిగి నేర్చుకోవడం నామోషీ కాదు.

మన దేశం కథే కావాలంటే వీరా హిరానందాని రాసిన ‘ది నైట్ డైరీ’ ఉంది. 1947 విభజనలో మీర్పూర్ ఖాస్ నుంచి జోధ్‌పూర్‌కు బయల్దేరిన పన్నెండేళ్ల నిషా, చనిపోయిన తల్లికి డైరీలో రాసుకున్న ఉత్తరాలవి.

అయితే ఒకటి. యుద్ధమో, మతకల్లోలమో తరిమితే వెళ్లినవాళ్లతో ఆఫర్ లెటర్ పట్టుకుని వెళ్లే మనల్ని పోల్చుకోకూడదు. వాళ్లకు వెనక్కి దారి లేదు. మనకు పండక్కి ఇంటికొచ్చే రైలుంది. అంత పోగొట్టుకున్నవాళ్లే మళ్లీ నిలదొక్కుకున్నారంటే, మన మొదటి ఆర్నెల్ల ఇబ్బందిని మనం తట్టుకోలేమా?

ఈ పుస్తకాలు చదివితే ఉద్యోగం వస్తుందని చెప్పను. కానీ వీటి ఇంగ్లిష్ తేలిక. హా కథంతా చిన్నచిన్న వచన కవితలే. రోజూ నాలుగు పేజీలు పైకి చదవండి, నోరు తిరుగుతుంది. ‘ఈమధ్య ఏం చదివారు?’ అని అడిగితే నిజాయితీగా చెప్పడానికీ ఒకటుంటుంది.

ఇంకో మాట. రెండేళ్లు తిరిగేసరికి మీరే సీనియర్ అవుతారు. ఒడిశా నుంచో, అస్సాం నుంచో వచ్చిన కుర్రాడు మీ పక్క సీట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాడు. హాకు దొరికిన పొరుగింటి టీచర్‌లా ఆరోజు అతనికి మీరు దొరకాలి.

ఈసారి కూడా ‘యెస్ సర్’ అనే చెప్పండి. కాకపోతే, తెలిసి చెప్పండి.