పలకల సీమలో చరిత్ర పలకలేవి?

తెలుగునాట బడికెళ్లిన పిల్లల్లో చాలామంది తొలి అక్షరం దిద్దింది మార్కాపురం పలక మీదే. మక్తబులో అలిఫ్, బే అయినా, బడిలో అ, ఆలు అయినా పలక మాత్రం ఆ ఊరిదే. ఊరూరికీ రాసుకునే రాయిని పంపిన ఈ సీమ, దారి పక్కన తన గురించి రాసుకున్నది బహు తక్కువ. మార్కాపురం, కంభం, గిద్దలూరు దారుల్లో ఎంత దూరముందో చెప్పే రాళ్లున్నాయి. ఇక్కడ ఏం జరిగిందో చెప్పే రాయి కోసం వెతుక్కోవలసిందే.

చరిత్ర ఫలకాలు కోటలూ రాజమహళ్లూ ఉన్న ఊళ్లకే గదా అని కొందరంటారు. కంభం చెరువు చాలదా? రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట వేశారు. నిండితే నీరు 15 చదరపు మైళ్ల మేర పరుచుకుంటుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని జనం చెప్పుకుంటారు. అదే ఏడాది అదే గుర్తింపు పొందిన పోరుమామిళ్ల చెరువుది వేరే అదృష్టం. 1369 నాటి శాసనం దాని కట్ట మీదే దొరికింది. ఎవరు కట్టించారో, ఎన్నేళ్లు పట్టిందో, రోజుకు ఎందరు కూలీలు పనిచేశారో రాతి మీదే ఉంది. అందుకే అక్కడ రుజువు చెబుతాం, కంభంలో 'చెప్పుకుంటారు' అంటాం. ఒక్క రాయి చేసిన తేడా అది.

ఇక మన సంగతి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. కంభం, మార్కాపురం మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలుకు, 1970లో ప్రకాశానికి మారాయి. జిల్లా మారినప్పుడల్లా దఫ్తరాలు వేరే ఊరి కచేరీకి చేరాయి, జ్ఞాపకాలు మాత్రం ఇక్కడే ముసలివారి నోట మిగిలాయి. కర్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన గ్రామ చరిత్రలను కైఫియత్తులంటారు. కైఫియత్ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా కరణాల తెలుగులో కుదురుకుంది. ఇక్కడి ముస్లింలు ఎక్కడి నుంచో వచ్చినవారని తోటి పిల్లలంటే మన పిల్లలు జవాబు తెలియక మిన్నకుంటారు. ఆ జవాబు కొంత ఈ మాటలోనే ఉంది. అది ఊరి నడిమధ్య కనబడేలా ఉండాలని మా కోరిక.

దీనికి దీన్‌లో అభ్యంతరముందా అని అడిగేవారూ ఉన్నారు. సమాధి మీద రాయడాన్ని హదీసు వారించింది. దాన్ని మనం పాటించాలి, ఫలకం పేరుతో ఖబ్రస్తాన్‌లో అలంకారాలు మొదలుపెట్టకూడదు. దారి పక్క రాయి సంగతి వేరు. హిజ్రీ మొదటి శతాబ్దంలోనే ఖలీఫా అబ్దుల్ మలిక్ జెరూసలేం నుంచి పోయే దారుల్లో తన పేరు, దూరం చెక్కిన మైలురాళ్లు పాతించాడు. వాటిలో కొన్ని నేటికీ ఉన్నాయి. భూమి మీద తిరిగి గతించినవారి గతి చూడమని ఖురాన్ పదేపదే చెబుతుంది. చూసేవాడికి ఇది ఫలానా చోటు అని తెలియాలి గదా!

తొందర ఎందుకంటే రోడ్లు వెడల్పవుతున్నాయి. అలా అయ్యేటప్పుడు ముందుగా పోయేవి పాత అరుగులు, ముసాఫిర్‌ఖానా గోడలు, రాత అరిగిపోయిన రాళ్లే. రోడ్డు వద్దని మేమనడం లేదు. తవ్వకముందే ఫొటో తీసి, రాతను అచ్చొత్తుకుని, రాయిని పక్కన మళ్లీ నిలబెట్టమని పంచాయతీనీ రోడ్ల శాఖనూ అర్జీ పెట్టి అడగాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫలకం దస్తావేజు కాదు. ఫలానా స్థలం మాదని చాటడానికి దాన్ని వాడితే మొదటికే మోసం. వక్ఫ్ ఆస్తులకు కావలసింది కాగితం. 2025 సవరణ చట్టం వచ్చాక ఆ అవసరం మరీ పెరిగింది. ఆ పని వేరు, ఈ పని వేరు.

మా మట్టుకు మొదటి ఫలకం మస్జిదుకు కాదు, కంభం చెరువుకే ఉండాలి. ఆ నీరు అందరిదీ. పైన తెలుగు, కింద ఉర్దూ చాలు. రుజువున్నది రుజువుగా, జనశ్రుతి జనశ్రుతిగా రాయాలి. రేకు బోర్డు తుప్పు పడుతుంది, మార్కాపురం రాయి మీద చెక్కించవచ్చు. ముందు కాగితం మీద రాసి జుమా తర్వాత చదివి వినిపించాలి. కరణాల పద్ధతి 1984లో పోయినా వారి ఇళ్లలో పాత లెక్కలు ఇంకా ఉండవచ్చు, వారికీ చూపించాలి. అందరూ తప్పులు దిద్దిన తర్వాతే రాతికెక్కించాలి.