పదహారేళ్లకు మొదలైనా

ఆటలో పైకి రావాలంటే ఆరేళ్లకే అకాడమీలో చేర్పించాలని, పల్లె పిల్లలకు అది అందేది కాదని మన ఇళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి దాన్ని తిప్పికొట్టింది. వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. బడిలో పరుగు పందేలు, ఖోఖో ఆడిన పిల్ల క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లప్పుడు. మొదట ఫాస్ట్ బౌలింగ్ చేసింది. తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. నా దృష్టిలో ఆమె అసలు గెలుపు అదే. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి అంతర్జాతీయ టీ20లోనే 12 పరుగులకు 4 వికెట్లు, నవంబరు 2న వన్డే ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల జట్టుకు ఆ టోర్నీలో అందించిన 14 వికెట్లు ఆ తర్వాత చేతికొచ్చిన ఫలితాలు. ప్రతిభ ఒక్కటే చాలదు. వదలాల్సింది వదిలే ధైర్యం, పట్టినదాన్ని వదలని మొండితనం రెండూ కావాలి. చదువుకైనా సేద్యానికైనా ఇదే సూత్రం. సీమలో మొండితనానికి కొదవ లేదు, కొరతల్లా మైదానాలకు, కోచ్‌లకే. ఆమెకు శాలువాలు కప్పిన పెద్దలు మండలానికొక మైదానం చదును చేయించాలి. ‘ఆడపిల్లకు ఆటలేంది’ అనే మాటను తల్లిదండ్రులు ఇక మానుకోవాలి.