పిండి పొట్లం ఒక్కటే కొలమానమా?

మన సంఘ సభ్యులలో పలువురు స్వగ్రామాలలోని శిశుపోషణ కార్యక్రమాలకు విరాళాలు పంపుతూ ఉంటారు. ఏడాది చివర నివేదిక వస్తుంది: ఇంతమంది పిల్లలకు ఇన్ని కిలోల పిండి పంచాము, వారి బరువు ఇంత పెరిగింది అని. చదివి సంతోషిస్తాము. కాని ఆరోగ్యవంతమైన శిశువు బరువు ఏడాది నిండేసరికి పుట్టినప్పటికి సుమారు మూడు రెట్లవుతుంది. పిండి పెట్టినా, పెట్టకపోయినా శిశువు ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది. ఆ పెరుగుదలలో పిండి పాలెంతో నివేదిక చెప్పదు.

వృత్తిరీత్యా నేను రసాయన శాస్త్రజ్ఞుడను. ప్రయోగానికి మేము గాజుపాత్రను ఎంచుకొనేది అది చర్యలో పాల్గొనదన్న నమ్మకంతో. శిశువు పెరిగే ఇల్లు అటువంటి పాత్ర కాదు. తల్లి ఆరోగ్యం, చదువు, తీరిక, త్రాగే నీరు, అన్నీ ఆ చర్యలో పాల్గొనేవే.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 1969 నుండి 1977 వరకు నాలుగు గ్రామాలలో జరిగిన పరిశోధన ఇందుకు మంచి ఉదాహరణ. రెండు గ్రామాలలో మాంసకృత్తులు గల 'అతోలే' అనే జావను, మిగిలిన రెండింటిలో మాంసకృత్తులు లేని 'ఫ్రెస్కో' అనే పానీయాన్ని ఇచ్చారు. వైద్యసేవ నాలుగింటికీ కల్పించారు. ఎవరు ఎంత త్రాగారో కొలిచి వ్రాసుకొన్నారు. అయితే కేంద్రానికి రావడం, మానడం కుటుంబాల ఇష్టం. ఇల్లు దగ్గరగా ఉండి, కాస్త తీరిక గల తల్లికి రావడం సులభం; పనికి పోయే తల్లికి కష్టం. కనుక త్రాగిన పిల్లలను త్రాగని పిల్లలతో పోల్చితే, మనం పోల్చేది జావను కాదు, ఇళ్ళను. గ్రామాలను గ్రామాలతో పోల్చడమే న్యాయం. అట్లా పోల్చి 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళలోపు అతోలే అందిన మగపిల్లలు పెద్దవారయ్యాక వారి గంట వేతనం సగటున 46 శాతం ఎక్కువగా ఉన్నది. మూడేళ్ళు దాటాక అందినవారిలో ఆ లాభం కనబడలేదు.

మన నల్గొండ జిల్లాలోనూ ఇటువంటి పరిశోధన జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 60 గ్రామాలలో 600 మంది తల్లీబిడ్డలను మూడు వర్గాలుగా పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒక వర్గానికి మామూలు అంగన్‌వాడీ సేవలు మాత్రమే. రెండవదానికి అదనంగా ఇంటివద్దనే అనుబంధాహారం గురించి సలహాలు. మూడవదానికి వాటితోపాటు బిడ్డ ఆకలి సైగలను గమనించి తినిపించడం, ఆడించడం కూడ నేర్పారు. మొదటి వర్గపు పిల్లలకంటే మూడవ వర్గపు పిల్లలలో మానసిక వికాసం మెరుగుగా కనబడింది. అక్కడ మారినది పొట్లం కాదు, తినిపించే తీరు.

కనుక నా అభిప్రాయమిది. పంపిణీకి ముందే తల్లి ఎత్తు, రక్తహీనత, చదువు, పని గంటలు, నీటి వసతి నమోదు కావాలి. పిండి అందని పొరుగు గ్రామాలలోనూ అవే కొలతలు తీయాలి. ఇంటికి చేరిన పిండిని ఎవరెవరు తిన్నారో కూడ అడగాలి.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఈ వివరాలు తల్లిని నిందించడానికి కాదు. తెల్లవారకముందే నాట్లకు వెళ్ళి, పసిబిడ్డను ఏడేళ్ళ అక్కకు అప్పగించిన తల్లికి "తెలియదు" అనడం తేలిక. ఆమెకు లేనిది తెలివి కాదు, తీరిక. ఆ లోటు లెక్కకు వస్తేనే పిండితోపాటు శిశుసంరక్షణ కేంద్రం కూడ కావాలని దాతలకు తోస్తుంది.

ఈసారి చెక్కు వ్రాసేముందు "ఎన్ని కిలోలు పంచారు?" అని మాత్రమే గాక, "ఆ తల్లుల సంగతి ఏమి వ్రాసుకొన్నారు?" అని కూడ అడుగుదాము.