ఇంటికి పిలిచినవారి బాధ్యత

కిరండూల్ ఉన్న దంతెవాడ జిల్లాలో 2020 జూన్‌లో పోలీసులు ‘లోన్ వర్రాటు’ ప్రారంభించారు. గోండిలో ఆ మాటకు ‘ఇంటికి తిరిగి రండి’ అని అర్థం. దళంలో పెళ్లికి ముందు పురుషుడు వేసెక్టమీ చేయించుకోవలసి వచ్చేదని లొంగిపోయిన మావోయిస్టులు పలువురు చెప్పారు.

తెగిన నాళాన్ని శస్త్రచికిత్సతో మళ్లీ కలపవచ్చు. ఏళ్లు గడిచేకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. అది ఫలించకుంటే వృషణం నుంచి శుక్రకణాలు తీసి ఐవీఎఫ్‌ను ఆశ్రయించాలి. ఆ ఖర్చు ఆదివాసీకి మోయరాని భారం.

1976లో నిర్బంధ శస్త్రచికిత్సలు చేయించిన రాజ్యమూ, పెళ్లికి కోతను షరతు చేసిన పార్టీయూ మనిషి దేహాన్ని తమ సొత్తనుకున్నాయి. బస్తర్‌లో కొందరికి నాళం కలిపే చికిత్స ప్రభుత్వమే చేయించింది. అది ప్రచారానికి పనికివచ్చే దయ కారాదు. పునరావాస విధానంలో, ఐవీఎఫ్ సహా, హక్కుగా నిలవాలి.